షాపువాళ్ళు తిప్పి పంపకముందే డ్రాయింగులో తప్పు పట్టే ప్రోగ్రాం: రూల్సు ఎక్కడి నుంచి తేవాలి?

రాయగడ రేకు

అందరికీ నమస్కారం. మాది రాయగడ. నలుగురం కలిసి చోళ్ళు (రాగులు) శుభ్రం చేసే చిన్న మిషను తయారు చేస్తున్నాం. ఒడిశాలో 2017లో మిల్లెట్ మిషన్ మొదలయ్యాక ఈ వైపు ఊళ్ళలో చోళ్ళకి మళ్ళీ గిరాకీ వచ్చింది కదా, మహిళా సంఘాలు అడుగుతున్నాయి. డ్రాయింగులు ఫ్రీక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మేమే గీస్తాం. పార్టులు కొన్ని జయపురంలో, కొన్ని విశాఖ ఆటోనగర్‌లో చేయిస్తాం.

తెర మీద బ్రహ్మాండంగా ఉన్న బ్రాకెట్టు షాపుకి వెళ్ళాక "ఇది వంగదండీ" అని ఫోను వస్తుంది. ఆ ఫోను వచ్చేసరికి రేకు కోసేసి ఉంటారు. అందుకని పైథాన్‌లో, 3డీ ఆకారాల లెక్కలు చేసే ఓపెన్ క్యాస్కేడ్ లైబ్రరీ మీద ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. స్టెప్ ఫైలు (క్యాడ్‌ల మధ్య 3డీ మోడల్ పంపుకునే ఫైలు) ఇస్తే రేకు మందం, వంపులు, కన్నాలు పట్టుకుని, రూలు తప్పినచోట ఎర్రరంగు వేస్తుంది.

రూల్సు నెట్‌లో దొరికినవే పెట్టాను. కన్నం అంచు వంపుకి కనీసం రెండు మందాలు ప్లస్ వంపు వ్యాసార్థం దూరంలో ఉండాలి, కన్నం వ్యాసం రేకు మందం కంటే తగ్గకూడదు, ఫ్లాంజి, అంటే వంచి నిలబెట్టిన అంచు, నాలుగు మందాలైనా ఉండాలి, ఇలాంటివి. చిక్కేమిటంటే దాదాపు ప్రతి పార్టూ ఎర్రగానే వస్తోంది. షాపువాళ్ళు చక్కగా చేసి ఇచ్చినవి కూడా. ఇటు 2 మి.మీ. రేకులో 9 మి.మీ. ఫ్లాంజి ఉన్న పక్క పలక మాత్రం పచ్చగా పాసైపోతోంది. వాళ్ళు చేయలేమన్నది సరిగ్గా దాన్నే. ఈ అంకెలు అసలు ఎక్కడివి తేవాలి?

జయపురం బెండర్

తమ్ముడూ, నీ ప్రోగ్రాంకి రేకు తెలుసు, నా మిషను తెలీదు. చిక్కంతా అక్కడే.

రేకు వంగేది డై మీద, అంటే వీ ఆకారపు గాడి ఉన్న కింది దిమ్మ మీద. పైనుంచి పంచ్ నొక్కుతుంది. 2 మి.మీ. రేకుకి వీ నోరు మందానికి ఎనిమిది రెట్లు, అంటే 16 పెడతాం. రేకు అటూ ఇటూ డై అంచుల మీద ఆనుతూనే కిందికి దిగాలి. 16 వీ మీద ఫ్లాంజి 12 కంటే తగ్గితే, వంగుతుండగానే ఆ కొస నోట్లోకి జారిపోతుంది. నువ్వు నాలుగు మందాలు అని 8 రాసుకున్నావు, 9 పాసైంది. నా దగ్గర 12 వీ డై ఉంటే నీ 9 కూడా వంచి ఇచ్చేవాణ్ణి. లేదు.

ఇంకో సంగతి. అందరూ లోపలి వ్యాసార్థం 1 మి.మీ. అని గీసి పంపిస్తారు, సాఫ్ట్‌వేర్‌లో ముందే అలా ఉంటుంది కాబట్టి. గాల్లో, అంటే రేకు డై అడుగుకి తగలకుండా వంచేటప్పుడు మైల్డ్ స్టీల్‌కి లోపలి వ్యాసార్థం వీ నోట్లో సుమారు 16 శాతం వస్తుంది. 16 వీ అంటే రెండున్నర మి.మీ. నువ్వు 1 అని గీసినా రెండున్నరే వస్తుంది. డ్రాయింగ్ చూసి రేకు మారదు కదా.

కన్నం సంగతీ అంతే. కన్నం డై నోటి మీద పడితే లాగేసి గుడ్డు ఆకారం అయిపోతుంది. నోరు 16 అయితే వంపు మధ్యగీత నుంచి 8 లోపల ఉన్నది ఏదైనా ప్రమాదమే.

పర్లాకిమిడి పైథాన్

అన్నగారు చెప్పిన ఆ వ్యాసార్థం వల్ల ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి, అప్పుడు గానీ దాని బరువు తెలీదు.

2 మి.మీ. రేకు, బయటి కొలతలు 50, 30 ఉన్న ఎల్ బ్రాకెట్టు, 90 డిగ్రీల వంపు అనుకుందాం. వంపులో పోయే రేకు పొడవు అంటే కోణాన్ని రేడియన్లలో తీసుకుని, వ్యాసార్థానికి కె ఫ్యాక్టర్ ఇంటూ మందం కలిపి, దానితో గుణించడమే. కె అంటే వంపులో సాగకుండా, నలగకుండా ఉండే పొర మందంలో ఎంత లోతున ఉందో చెప్పే అంకె. 0.42 పెడదాం. వ్యాసార్థం 1 అనుకుంటే పరిచిన రేకు పొడవు 47 + 27 + 2.89, అంటే 76.89. నిజంగా వచ్చే 2.5తో వేస్తే 45.5 + 25.5 + 5.25, అంటే 76.25. ఒక్క వంపుకి 0.64 మి.మీ. తేడా. నాలుగు వంపులున్న డబ్బాకి రెండున్నర మి.మీ. దాటుతుంది. మూత పట్టలేదని వెల్డరుని తిడతాం, పాపం ఆయనకేం సంబంధం.

కాబట్టి ప్రోగ్రాం ముందు చేయాల్సింది తప్పులు పట్టడం కాదు. షాపు ఎంచుకోగానే, మందానికి తగ్గ డై చూసి, మోడల్లో ఉన్న వ్యాసార్థానికీ నిజంగా వచ్చేదానికీ తేడా చూపించాలి. కె ఫ్యాక్టర్ కూడా షాపుదే. ఒక ముక్క వంచి, కొలిచి, వెనక్కి లెక్కగట్టడం కంటే మంచి పద్ధతి లేదు.

వంపుల్ని ఎలా పట్టుకుంటున్నారు? ఎస్‌టీఎల్ నుంచి అయితే మానేయండి. అందులో త్రిభుజాలు తప్ప ఇది స్థూపాకారం, ఇది సమతలం అన్న సమాచారం ఉండదు.

రాయగడ రేకు

స్టెప్ నుంచే. ఒకే అక్షం మీద రెండు స్థూపాకార ముఖాలు, వాటి వ్యాసార్థాల తేడా రేకు మందంతో సమానం అయితే దాన్ని వంపు అంటున్నాను. చాలావరకు పనిచేస్తోంది. కొన్ని ఫైళ్ళలో మాత్రం ఒక్కో కన్నాన్ని రెండుగా లెక్కపెడుతోంది.

పర్లాకిమిడి పైథాన్

అది మామూలే. కొన్ని క్యాడ్‌లు పూర్తి స్థూపాన్ని రెండు అర్ధభాగాలుగా కోసి స్టెప్‌లో రాస్తాయి. ఒకే అక్షం, ఒకే వ్యాసార్థం, పక్కపక్కనే ఉన్న ముఖాలు అయితే ముందు కలిపేయండి. ఆ తర్వాతే లెక్క. కొన్ని ఇంకా ఘోరం, గుండ్రటి కన్నాన్ని స్ప్లైన్, అంటే ఎటైనా వంగే ఉపరితలంగా పంపిస్తాయి. మీ ప్రోగ్రాంకి అది కన్నమే కాదు, ఏదో వింత ముఖం. దాని మీద కొన్ని బిందువులు తీసుకుని అన్నీ ఒకే అక్షం నుంచి సమాన దూరంలో ఉన్నాయేమో చూడాలి.

సమానత్వం చూసేటప్పుడు ఓపెన్ క్యాస్కేడ్ డిఫాల్ట్ టాలరెన్సు (ఎంత తేడా వరకు సమానం అనుకోవాలన్న అంకె) మీద ఆధారపడకండి. అది మి.మీ.లో కోటో వంతు. ఒక క్యాడ్ నుంచి ఇంకోదానికి వచ్చిన ఫైలులో అంత ఖచ్చితత్వం ఉండదు. రేకు పనికి 0.01 చాలు.

ముఖాల పొరుగు సంబంధాల్ని గ్రాఫ్‌గా రాసుకుని, మధ్య అంచు లోపలికి వంగిందా బయటికి వంగిందా అని గుర్తు పెట్టుకునే పద్ధతి జోషి, ఛాంగ్ 1988లో ప్రచురించారు. మిల్లింగ్ పార్టుల్లో గాళ్ళు, గుంటలు గుర్తుపట్టడానికి ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతారు. మీ రేకు పనికి అంత అక్కర్లేదు గానీ, ఆ గ్రాఫ్ ఒక్కసారి కట్టిపెట్టుకుంటే ఏ ఫ్లాంజి దేనికి అతికి ఉందో అడగడం తేలిక.

బల్లార్షా అన్న

మాది చంద్రపూర్ జిల్లా. కాగితం మిల్లు, బొగ్గు గనుల స్పేరు పార్టులు చేస్తుంటం. ఒక ముచ్చట చెప్త తమ్మీ, మీ ప్రోగ్రాంల గేజి పట్టిక, అంటే రేకు మందాల నంబర్ల పట్టిక, ఏ దేశందో చూసుకున్నరా?

మనకాడ 16 గేజి అంటే బ్రిటిష్ లెక్క, 1.626 మి.మీ. అమెరికా స్టీలు పట్టికల 16 గేజి 1.519. 14 గేజి అయితే ఇక్కడ 2.03, అక్కడ 1.90. క్యాడ్‌ల చాలావరకు అమెరికా పట్టికే ఉంటది. కుర్రోడు 14 గేజి అని నొక్కుతడు, మోడల్ 1.9తోని తయారైతది, బజారుల వచ్చేది 2. గాడిల పలక జొప్పితే పోదు. గేజి అన్న మాటే తీసేసి మందం మి.మీ.ల అడగమని చెప్పు నీ ప్రోగ్రాంకు. డిజైనర్ గేజి రాస్తే ఒప్పుకోవద్దు.

ఇంకోటి. రేకు వచ్చేది 2500 ఇంటూ 1250, లేకుంటే ఎనిమిది నాలుగు అడుగులది. పరిచినంక 1260 వచ్చే పలక గీస్తె, పది మి.మీ. కోసం మధ్యల వెల్డింగు పెట్టాలె. గీ చెక్ రాయనీకి పది లైన్లు గూడ పట్టయి.

బరంపురం మోల్డు

ఇంత కష్టం దేనికి? సాలిడ్‌వర్క్స్ క్యాడ్‌లో, పార్టు తయారీకి వీలవుతుందా అని చూసే డీఎఫ్ఎమ్ ఎక్స్‌ప్రెస్ అని రెడీమేడ్‌గా ఉంది. చేసింది కూడా మన దేశపు జియోమెట్రిక్ కంపెనీయే, తర్వాత హెచ్‌సీఎల్ చేతికి వెళ్ళింది. రేకు, మిల్లింగ్, మోల్డింగ్ అన్నింటికీ రూల్సు ఉంటాయి. మా ప్లాస్టిక్ పనిలో గోడ మందం మరీ తగ్గకుండా, మరీ పెరగకుండా అదే చూసుకుంటుంది.

రాయగడ రేకు

లైసెన్సు ధర చూస్తే మా మిషను ధరలో కలుపుకోలేం సార్. పైగా మా డ్రాయింగులన్నీ ఫ్రీక్యాడ్‌లో ఉన్నాయి.

సునాబెడ మాస్టారు

ధర ఒక్కటే కారణం కాదు బాబూ. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా అంకెలు మనమే మార్చుకోవాలి. మార్చకుండా వాడేవాళ్ళే ఎక్కువ. అప్పుడు ఈ అబ్బాయికి వచ్చిన చిక్కే వాళ్ళకీ.

నేను హెచ్‌ఏఎల్ (విమానాల కంపెనీ) సునాబెడ ఇంజిన్ డివిజన్‌లో ప్రాసెస్ ప్లానింగ్‌లో చేసి రిటైరయ్యాను. 1964లో మిగ్-21 ఇంజిన్ల కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. అక్కడ డ్రాయింగు నేరుగా మిషను దగ్గరకు వెళ్ళదు. మధ్యలో ఒక మనిషి కూర్చుని, ఏ మిషను మీద, ఏ వరసలో, ఏ ఫిక్స్చరుతో, ఏ గేజితో కొలుస్తూ చేయాలో కాగితం రాస్తాడు. చేయలేని పార్టు సాధారణంగా ఆయన టేబుల్ మీదే ఆగిపోతుంది. చిన్న షాపులో ఆ మనిషి ఉండడు. నువ్వు రాస్తున్నది ఆ కుర్చీలో కూర్చునే ప్రోగ్రాం.

అందుకని మూడింటిని విడివిడిగా పెట్టు. మోడల్‌లో ఏముందో చెప్పేది ఒకటి: ఫ్లాంజి 9, మందం 2, అంతే, మంచీ చెడూ అనదు. షాపులో ఏముందో చెప్పే ఫైలు ఒకటి: డైలు, పంచ్‌లు, బెడ్ పొడవు, మిషను ఎన్ని టన్నుల బలంతో నొక్కుతుందో, కన్నాలు వేసేది లేజరా పంచింగా. రెండింటినీ పోల్చేది మూడోది. ఇప్పుడు నీ కోడులో ఆ నాలుగు మందాలు అన్న అంకె రూలు లోపలే రాసి ఉంటుంది, అవునా? దాన్ని బయటికి తీసి షాపు ఫైలులో పెడితే, ఒకే పార్టు జయపురంలో ఎర్రగా, ఆటోనగర్‌లో పచ్చగా రావచ్చు. రావాలి కూడా.

టాలరెన్సుల మాట, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చన్నది. కుర్రాళ్ళు ప్రతి కొలతకీ ప్లస్ ఆర్ మైనస్ 0.05 తగిలిస్తారు. ఐఎస్ఓ 2768లో మధ్యమ తరగతి అంటే 30 నుంచి 120 మి.మీ. వరకు 0.3, 120 నుంచి 400 వరకు 0.5. వంచిన రేకుకి అది కూడా ఒక్కోసారి గట్టిదే. వంపు దాటి కొలిచే కొలతకి 0.05 కనబడితే ప్రోగ్రాం ఆగి, "ఇది ఎందుకు" అని అడగాలి.

జయపురం బెండర్

మాస్టారు బాగా చెప్పారు. లేజరా పంచింగా అన్నారు కదా, దాని గురించి ఒక్క మాట. కన్నం మందం కంటే చిన్నగా ఉండకూడదన్నది పంచింగ్ రూలు, పంచ్ విరుగుతుందని. మా ఫైబర్ లేజర్ 3 మి.మీ. రేకులో 2 మి.మీ. కన్నం వేస్తుంది. నీ ఎర్రరంగులో సగం దీనివల్లే అయి ఉంటుంది తమ్ముడూ, ఆ రూలు షాపు ఫైలుకి పంపించు.

ఇంకోటి, ఏ పుస్తకంలోనూ కనబడనిది. స్పానర్ తిరుగుతుందా? ఎం10 బోల్టుకి 17 స్పానర్. గోడకి 10 మి.మీ. దూరంలో కన్నం గీసి పంపిస్తారు. కన్నం పడుతుంది, బోల్టూ పడుతుంది, బిగించడానికే చోటుండదు. వెల్డింగ్ టార్చి మూతి దూరని మూలలైతే రోజూ వస్తాయి.

గుణుపురం గీత

నేను డిజైన్ వైపు మనిషిని, కొంచెం అడ్డం మాట్లాడతాను.

వంపు దగ్గర కన్నం ఉంటే తప్పు అని ప్రోగ్రాం ఎలా తేలుస్తుంది? అది వైరు దూరే కన్నం కావచ్చు, గుడ్డు ఆకారం అయినా నాకు పరవాలేదు. వంచాక డ్రిల్ వేస్తాం అని ముందే అనుకుని ఉండొచ్చు. వంపు గీత మీద సన్నటి స్లాటు కోసి కన్నాన్ని కాపాడే పద్ధతి ఉంది. ఇవన్నీ ఆలోచించి గీసినవాడికి ప్రతిసారీ అదే ఎర్రరంగు చూపిస్తే, వారం తిరక్కుండానే ప్రోగ్రాం తెరవడం మానేస్తాడు. "చూశాను, కారణం ఇది" అని రాసి మూసేసే వీలు పెట్టండి. కారణం రాయకపోతే మూయనివ్వకండి.

రాయగడ గారూ, మీరు దిద్దుబాటు కూడా ప్రోగ్రామే చేసేయాలని అనుకుంటున్నారా?

రాయగడ రేకు

అవునండీ, తర్వాత దశలో అదే ఉద్దేశం. కన్నం దగ్గరగా ఉంటే చాలినంత దూరం జరిపేయడం, ఫ్లాంజి చిన్నదైతే పెంచడం.

గుణుపురం గీత

దయచేసి వద్దు. మీ మిషనులో జల్లెడ షాఫ్టుకి యూసీపీ 205 బేరింగులే వాడుతుంటారు. దాని బోల్టు కన్నాల మధ్య 105 మి.మీ. మీ ప్రోగ్రాం ఒక కన్నాన్ని 3 మి.మీ. పక్కకి జరిపిందనుకోండి, రేకు రూలు పాసవుతుంది, బేరింగు ఎక్కదు. ఒక్క పార్టుని చూసే ప్రోగ్రాంకి పక్క పార్టు సంగతి తెలీదు. ఫ్లాంజి 3 మి.మీ. పెంచితే అది లోపల తిరిగే ఫ్యానుకి తగలొచ్చు.

ఎంత తక్కువైందో చెప్పండి, ఏమేం చేయొచ్చో చెప్పండి, చేయి మాత్రం పెట్టకండి.

పర్లాకిమిడి పైథాన్

దీనికి నా ఓటు. మూసేసిన హెచ్చరికల్ని గుర్తుపెట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ముఖం నంబరుతో కట్టకండి. మోడల్లో ఒక అంచు మారితే నంబర్లన్నీ అటూ ఇటూ అవుతాయి. 2024లో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో ఆ పేర్ల గొడవ బాగా తగ్గింది గానీ, స్టెప్‌గా బయటికి తీస్తే ఆ పేర్లు మీతో రావు. కన్నం కేంద్రం, అక్షం, వ్యాసం, ఈ మూడింటితో గుర్తుపెట్టుకోండి. కన్నం కదిలితే పాత ఒప్పుదల దానంతటదే రద్దవుతుంది, అదే మనకి కావలసింది.

బల్లార్షా అన్న

మెసేజ్ ఏ భాషల వస్తది? మా ఆపరేటర్లకు మరాఠీ, హిందీ వస్తది, ఇద్దరికి తెలుగు. ఇంగ్లీషుల రెండు లైన్లు వస్తె ఎవ్వరు చదవరు. అంకెలు, ఒక బొమ్మ పెద్దగ చూపిస్తె అన్నిటికన్న మంచిది.

రాయగడ రేకు

మీరందరూ చెప్పినట్టు అంకెలన్నీ కోడులోంచి షాపు ఫైలుకి తీసేశాను. గేజి పట్టిక పూర్తిగా తొలగించాను. పాత పార్టులన్నీ మళ్ళీ నడిపితే ఎర్రరంగు బాగా తగ్గింది, పక్క పలక ఇప్పుడు పట్టుబడుతోంది. మెసేజ్ ఇలా వస్తోంది, బొమ్మలో ఆ ఫ్లాంజి ఒక్కటే రంగులో ఉంటుంది:

"పక్క పలక, కుడి ఫ్లాంజి 9 మి.మీ. మందం 2. ఈ షాపులో వాడే డై 16 వీ, కనీసం 12 కావాలి, 3 తక్కువ. చేయదగినవి: ఫ్లాంజి పెంచడం, 12 వీ ఉన్న షాపుకి పంపడం, పొడుగ్గా వంచి తర్వాత కోయడం. మోడల్ వ్యాసార్థం 1, వచ్చేది 2.5, పరిచిన పొడవు మళ్ళీ లెక్కించాలి."

దిద్దుబాటు ఆలోచన వదిలేశాను. వంపుల వరస మాత్రం తేలడం లేదు. ఏ వంపు ముందు, ఏది తర్వాత అన్నది అన్ని రకాలుగా ప్రయత్నిస్తే, ఆరు వంపులకే 720 వరసలు. అందులో తిప్పి పెట్టడాలు కలిపితే ఇంకా పెరుగుతాయి.

జయపురం బెండర్

అన్నీ ఎందుకు? మా కుర్రాడు 720 ఆలోచించడు. రేకుని బ్యాక్ గేజికి (మిషను వెనక ఉండే ఆనుడు పట్టీకి) ఆనించడానికి తిన్నటి అంచు మిగలాలి, ముందు వంచిన ఫ్లాంజి పంచ్‌కి తగలకూడదు, ఈ రెండే చూస్తాడు. నువ్వు ప్రస్తుతానికి యూ ఆకారం ఒక్కటి చూడు. అడుగు వెడల్పు తక్కువై, చెవులు (రెండు పక్కల ఫ్లాంజిలు) పొడుగైతే రెండో వంపులో మొదటి చెవి పంచ్‌ని కొడుతుంది. మా దగ్గరకు వచ్చి ఆగిపోయేవి ఎక్కువగా ఇవే.

సునాబెడ మాస్టారు

సరిగ్గా అదే. వరస మొత్తం లెక్కగట్టేవరకు ప్రోగ్రాం బయటికి ఇవ్వకుండా కూర్చోకు. తెలియనిచోట "వరస చూడలేదు" అని రిపోర్టులో రాయించు. పచ్చరంగు వేస్తే జనం అన్నీ చూశావనుకుంటారు.

రాయగడ రేకు

అలాగే మాస్టారూ, చూడని చెక్‌లకి బూడిదరంగు పెడతాను. జయపురం అన్నా, మీ షాపు ఫైలు మీరే నింపి ఇస్తారా?

జయపురం బెండర్

రాసుకో. బెడ్ 2500, మిషను 80 టన్నులు. డైలు 10, 16, 25, 40. తిన్నటి పంచ్ ఒకటి, గూస్‌నెక్ (ముందు వంచిన ఫ్లాంజికి చోటిచ్చేలా మెడ వంగిన పంచ్) ఒకటి. 3 మి.మీ. రేకు 25 వీ మీద నిండు పొడవుకి 60 టన్నులు లాగుతుంది, పరవాలేదు. 5 మి.మీ. రేకు 40 వీ మీద అయితే 1800 పొడవు దాటనివ్వకు, అక్కడికే 75 అవుతుంది, నేను మిషనుని అంతకన్నా తొక్కను. పొడవూ మందమూ కలిపి చూసే చెక్ నీ దగ్గర ఉన్నట్టు లేదు.

గూస్‌నెక్ కొలతలు రేపు తీసి పెడతాను. ఆ టన్నుల చెక్ మాత్రం ముందే రాసెయ్, 5 మి.మీ. రేకులో రెండు మీటర్ల పార్టు ఒకటి ఇవాళే షాపుకి వచ్చి కూర్చుంది.